నీలం ఎవరి పాలల్లో నిలుస్తాది

మా అత్త కృష్ణవేణమ్మ నా చెయ్యి మంచిది కాదనింది. వంట రాదంటే పడేదాన్ని, నోరు ఎక్కువంటే అదీ పడేదాన్ని, ఎందుకంటే అది నిజమే. చెయ్యి మంచిది కాదంటే మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు నా పెండ్లి. పుట్టింది పులివెందుల, మెట్టింది పొద్దుటూరు. మా ఆయన ఈశ్వరయ్యకు గుడ్డలంగడి ఉండాది. మనిషి బంగారం గానీ వాళ్లమ్మ ముందర నోట్లో నాలిక ఉండదు. ఇంటెనక దొడ్లో రెండు ఎనుములు. మా మామ కాలం చేసిన ఏడు నుంచి, పొద్దన పిండిన పాలల్లో ఇంటికి చాలినన్ని పెట్టుకొని మిగిలినవన్నీ మా అత్త ఊర్లో ఆసుపత్రికి పంపేది. ఆడ బాలింతలకు ఊరికే పోయమనేది. వానొచ్చినా గాలొచ్చినా ఒక్కపూట తప్పలేదంట. కృష్ణవేణమ్మ పాలంటే ఊర్లో అంత పేరు.

నేను కాపరానికొచ్చినాక ఆ పాలు విరగడం మొదలుపెట్టినాయి. మొదట ఎప్పుడో ఒకసారి, తర్వాత్తర్వాత పొయ్యి మీద పెడ్తూనే ముక్కలు ముక్కలు. ఆసుపత్రి నర్సమ్మ శానా దినాలు ఓర్చుకొని, ఒకరోజు పాలు తిప్పి పంపింది. బాలింతలకు కడుపులో బాగుండటం లేదు, ఇంక వద్దని చెప్పండి అనింది.

ఆ పొద్దు మా అత్త పొయ్యికాడ కూర్చోని ఏడ్చింది. నాకు జాలేసింది. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యేసినా. ఆ చేతిని తీసి పక్కన పెట్టి, "నువ్వు ఈ ఇంట్లో కాలు పెట్టినాక గదా ఇట్లయింది. నీ చెయ్యి మంచిది కాదు" అనింది.

నేను ఊరుకుంటానా. "ఒక ఎనుము నువ్వు పిండుతాండావు, ఒకటి నేను పిండుతాండా. రెండూ ఒకే బుంగలో పడతాండాయి. విరిగింది నీ పాలో నా పాలో ఎట్ల తెలుసు అత్తా" అన్నా. మరుసటిరోజు మోకాళ్ల నొప్పులు ఓర్చుకొని రెండూ తనే పిండింది. అవీ విరిగినాయి. అప్పుడన్నా మాట వెనక్కి తీసుకుంటాదేమో అని చూస్తే, "నీ చేతి గుణం పొదుగుకు అంటుకుంది" అనింది. ఇంక ఆమెతో ఏమని వాదించేది.

తర్వాత నాకు తెలీకుండా పులివెందులకు కబురు పోయింది. మా అన్న నరసింహయ్య పొద్దుటి బస్సుకు వచ్చి పడసాలలో చాప మీద కూర్చున్నాడు. "సుగుణను కొన్నాళ్లు పుట్టింట్లో ఉండనీ నాయనా, మంచి దినం చూసి పిలిపిస్తాం" అని మా అత్త మెత్తగా చెప్తాంది. మా వీధిలోనే ఒకామెను అట్ల కొన్నాళ్లకని పంపినారు. మూడేండ్లయినా ఆ మంచి దినం రాలేదు. మా ఆయన గుంజకు ఆనుకొని నేల చూస్తాండాడు. ఆ నేలలో ఏముందో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

సరిగ్గా అప్పుడు వాకిట్లో ఎవరో దగ్గినారు. చంకలో చెక్కపెట్టె పెట్టుకొని ఒక పిల్లవయసు ఆయన నిలబడుండాడు. పేరు పార్థసారథి, సొంతూరు జమ్మలమడుగు, మునిసిపాలిటీలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం. పాలల్లో నీళ్లు కలుస్తాండాయేమో చూడమని ఆసుపత్రోళ్లు పాలు వద్దన్నప్పుడే రాసినారంట, ఈయనకు ఇప్పటికి తీరికయిందంట.

"నా పాలల్లో నీళ్లా" అని మా అత్త లేచింది. ఆ లేవడం చూసి ఆయన రెండడుగులు వెనక్కి వేసినాడు.

గీతలుండే గాజుపుల్లను పాలల్లో వేసి ఎంత మునుగుతాదో చూసినాడు. నీళ్లు చుక్క కూడా లేవని తేల్చినాడు. మా అత్త ముఖం వెలిగింది. కానీ ఆయన పెట్టె మూయలేదు. "నీళ్లు లేవమ్మా. కానీ పాలు చెడ్డానికి నీళ్లొకటే కారణం గాదు. కంటికి కనపడని క్రిములు ఉంటాయి. అవి ఎన్ని ఉన్నాయో చెప్పే మందు నాదగ్గర ఉంది" అని ఒక సీసా తీసినాడు. లోపల చిక్కటి నీలం.

పక్కింటి వనజమ్మ అప్పుడే గోడ మీద నుంచి తొంగి చూస్తాంది. ఏం జరిగినా ఆమె గోడ మీద ఉండాల్సిందే. "గుడ్డలకేసే నీలిమందు గదా అది. పాలల్లో పోస్తాడా యేంది" అనింది.

"గుడ్డలది గాదమ్మా, ఇది వేరే" అని ఆయన ఓపిగ్గా చెప్పినాడు. గాజుగొట్టంలో పాలు పోసి ఈ మందు కొంచెం కలిపితే పాలు నీలంగా అవుతాయి. ఒంటి వేడంత వెచ్చటి నీళ్లల్లో ఆ గొట్టం నిలబెట్టాల. క్రిములు పాలల్లో ఉండే గాలిని తాగేస్తాయంట, గాలి పోతే నీలం పోయి పాలు మళ్లీ తెల్లబడతాయంట. క్రిములు ఎక్కువుంటే నిమిషాల్లో తెల్లబడతాది, మంచి పాలయితే గంటలు గంటలు నీలం నిలుస్తాది.

నా తలలో ఏదో వెలిగినట్లయింది. నాలుగు నెలల్నుంచి నా చేతి గురించి ఎవరికి తోచింది వాళ్లు అంటాండారు, అవునని గానీ కాదని గానీ తేల్చేవాళ్లు లేరు. ఇదో, తేల్చేది వాకిట్లోకే వచ్చింది. నీలానికి నేను కోడలినని తెలీదు గదా. మా అన్న ముందరే అడిగినా.

"అయ్యా, ఒకే ఎనుమును సగం మా అత్త, సగం నేను పిండితే, ఎవరి పాలు ముందు చెడతాయో చెప్తాదా మీ మందు?"

"చెప్తుందమ్మా" అన్నాడాయన.

"అత్తా, నా పాలు ముందు తెల్లబడితే మాపటి బస్సుకు నేనే మూట కట్టుకొని పోతా. నువ్వు పంపాల్సిన పనే లేదు. నీ పాలు ముందు తెల్లబడితే ఇంక నా చెయ్యి మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు." ఈ మాట బాగా గట్టిగానే అన్నా.

మా అత్త ఒక్క క్షణం నన్ను చూసింది. "సరే" అనింది.

ఆ పొద్దు ఇంకా ఒక ఎనుమును పిండలేదు. మా అత్త సగం పిండి చెంబుతో తెచ్చి సారెబుంగలో పోసింది. ఆ బుంగ సంగతి ఈడ చెప్పాల. అది నా పెండ్లికి మా అమ్మోళ్లు సారెలో పెట్టిన ఇత్తడి బుంగ. పొట్ట ఇంత పెద్దది, మూతి సన్నం, చెయ్యి లోపలికి పట్టదు. దాన్ని చూసి మా అత్త ఎంత మురిసిపోయిందంటే, పాత పాలకుండ పక్కన పెట్టి రోజూ పాలు అందులోనే పోయించేది. ఏ పాలయినా సారెబుంగలో పడినాకనే బయటికి పోవాల, అది ఆమె పెట్టిన కట్టుబాటు. దాంట్లో నుంచి ఒక గొట్టానికి పాలు తీసినారు. తర్వాత ఆ పాలు గిన్నెలోకి వంచేసి, మిగతా సగం నేను పిండి తెచ్చి బుంగలో పోసినా. ఇంకో గొట్టానికి తీసినారు. ఆమె గొట్టానికి తెల్లదారం, నా గొట్టానికి ఎర్రదారం. రెండింట్లోనూ నీలం పడింది. చూడను ఎంత బాగుండాయో.

పెద్ద డేకిసాలో వెచ్చటి నీళ్లు పోసి గొట్టాలు నిలబెట్టి, చుట్టూ అందరం కూర్చున్నాం. వనజమ్మ గోడ దిగి ఈ పక్కకే వచ్చేసింది. నేను రెప్ప వేయలేదు. ఎర్రదారం గొట్టంలో నీలం కొంచెం పలచబడినట్లు కనపడితే నా ప్రాణం జారిపోయేది. తెల్లదారం గొట్టం పలచబడితే మళ్లీ కూడుకునేది. కోడిపందెం చూసేవాళ్లు గూడా అంత ఉద్రేకపడరు.

అరగంట గూడా కాలేదు, రెండూ కలిసి తెల్లబడినాయి. ముందూ లేదు వెనకా లేదు. పార్థసారథి ముఖం చిట్లించి, "రెండూ శానా చెడ్డ పాలే" అన్నాడు.

నేను ఓడలేదు, గెలవలేదు. మా అత్త లేచి చీర దులుపుకొని, "చెప్పినా గదా, పొదుగుకే అంటుకుందని" అనింది. మా అన్న తలొంచుకొని బస్సు ఎన్నింటికని అడిగినాడు. ఏడుపు గొంతుదాకా వచ్చింది. నలుగురి ముందర ఏడ్చేరకం గాదు నేను, అందుకని కోపంగా బుంగ ఎత్తుకొని పొయ్యికాడికి పోయినా. ఉండే పాలన్నీ గిన్నెలోకి వంపుతాంటే మా అత్త ఎప్పటి మాదిరే వెనక నుంచి కేకేసింది. "అడుగు మిగలనీ. వట్టిది చెయ్యబాకు."

అదీ కట్టుబాటే. సారెబుంగ వట్టిది కాకూడదు. వట్టిదయితే ఇంటి పచ్చన పోతాదని ఆమె నమ్మకం. బయట చింతపండు పెట్టి తోమి బంగారం మాదిరి మెరిపించేవాళ్లం. లోపల మాత్రం గుక్కెడు పాలు ఎప్పుడూ ఉండాల్సిందే. ఆ అడుగుపాల మీదనే మరుసటిపూట కొత్తపాలు పోయాల.

వంచిన చెయ్యి వంచినట్లే ఆగిపోయింది. బుంగ మూతికాడికి ముక్కు తీసుకపోయినా. పుల్లటి వాసన. రోజూ రాత్రి పాలకు తోడేసేది నేనే గదా. ఒక గంటెడు పెరుగు వేస్తే గిన్నెడు పాలు తెల్లారేలోగా పెరుగయిపోతాయని నాకు తెలీదా. గుక్కెడు పాతపాలు అడుగున పెట్టి, వాటి మీద కొత్తపాలు పోస్తాండాం. అంటే పూటపూటకూ మేమే పాలకు తోడేసి ఆసుపత్రికి పంపినాం.

పార్థసారథి పెట్టె సర్దుకొని గడప దాటుతాండాడు. బుంగ చంకలో పెట్టుకొనే పరిగెత్తినా. చెప్పింది విని ఆయన గూడా బుంగ వాసన చూసినాడు. కండ్లు పెద్దవి చేసినాడు. "రెండు చేతుల పాలకూ ఇదే తగిలింది గదా. నేను ఎనుములను అనుమానిస్తున్నా, గిన్నెలను అడగనేలేదు" అని, పెట్టె మళ్లీ కింద పెట్టినాడు. "మాపటి పాలకు మళ్లీ పెడదాం. ఈసారి బుంగకు ఒక గొట్టం వేరుగా."

మా అత్తను ఒప్పించేది ఎట్లా. సారెబుంగను అంటే ఊరుకోదు. "బుంగదేం తప్పు. మీ అమ్మ పెట్టింది గదా" అనింది నన్ను. నేను చెప్పబోతాంటే, నమ్ముతారో లేదో, గుంజకాడి నుంచి మా ఆయన నోరు తెరిచినాడు.

"పెట్టనీ అమ్మా. ఈసారి గూడా అట్లే అయితే నేనే బస్సెక్కించి వస్తా."

నా పక్షమో కాదో తెలీని మాట అది. అయినా మాట వచ్చింది, అదే పదివేలు.

పొద్దు వాలకముందే ఎనుములను పిండినాం. పార్థసారథి రెండు కొత్త చెంబులు నీళ్లల్లో ఉడకబెట్టి ఇచ్చినాడు. పొదుగు కడిగించినాడు, చేతులు కడిగించినాడు. ఒక చెంబులోకి నేను పిండినా, ఒకదాంట్లోకి మా అత్త పిండింది. ఎర్రదారం నాది, తెల్లదారం ఆమెది. తర్వాత ఆ రెండు చెంబుల పాలూ కలిపి సారెబుంగలో పోసి, దాన్నుంచి మూడో గొట్టం పట్టినాం. దానికి పసుపుదారం. మూడింట్లోనూ నీలం పడింది.

అప్పటికి మా అన్న జట్కా మాట్లాడుకొచ్చినాడు. నా మూట పడసాలలోనే ఉండాది. జట్కా షరీఫ్ బస్సుకు టైమవుతాందని చెప్పను లోపలికొచ్చి, డేకిసా చుట్టూ మమ్మల్ని చూసి, సంగతేందని వనజమ్మను అడిగి, ఇంక తనూ గొంతుక్కూర్చున్నాడు. గుర్రం వాకిట్లో సకిలిస్తాంటే, "ఉండవే, తేలనీ" అంటాడు.

అరగంట కాకముందే పసుపుదారం గొట్టం కిందినుంచి పైకి పలచబడతా వచ్చింది. మేఘం విడిచినట్లు తెల్లటి పాలు బయటపడినాయి. "బుంగ పోయింది" అని వనజమ్మ పందెం ఓడినదాని మాదిరి చెప్పింది.

మిగిలినవి రెండు. ఎర్రది నీలంగానే ఉండాది. తెల్లది నీలంగానే ఉండాది. నాకేం గావాలి, నా గొట్టం నిలిస్తే చాలు. ఆమెది తెల్లబడితే ఇంకా మంచిదే, నాలుగు నెలల మాటకు జవాబు దొరుకుతాది. అట్లనుకుంటానే మా అత్త దిక్కు చూసినా.

ఆమె గొట్టాన్ని చూడటం లేదు. కుడిచెయ్యి కొంగుకింద దాచుకొనుండాది. పెదాలు కదుల్తాండాయి, ఏ దేవుణ్ణి తలుచుకుంటాందో. ఇన్నేండ్లు బాలింతలకు పాలు పోసిన చెయ్యి గదా అది. ఆ చెయ్యి కూడా మంచిది కాదని ఈ నీలం చెప్పేస్తే ఏమైపోవాలని ఆమె వణికిపోతాంది. ఆ భయం ఎట్లుంటాదో ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికి తెలుసు. రోజూ పొద్దన్నే పొదుగుకాడ కూర్చునేటప్పుడు నాకుండేది అదే.

నేనేమనుకున్నానో తెలుసా. తెల్లదారం గొట్టం తెల్లబడకూడదని అనుకున్నా. నా గొట్టం మాట మర్చిపోయి ఆమె గొట్టాన్నే చూస్తా కూర్చున్నా. కొంచెం పలచబడినట్లు అనిపిస్తే, "అయ్యా, దీపం దగ్గరికి తెండి, సరిగ్గా చూడండి" అని పార్థసారథిని కసిరినా. ఆయన లాంతరు ఎత్తి పట్టి చూసి, "చెక్కు చెదరలేదమ్మా" అన్నాడు.

నీలం నిలిచింది. రెండింట్లోనూ నిలిచింది. గంట దాటింది, దీపాలు పెట్టే వేళ దాటింది, అయినా నీలమే. పులివెందుల బస్సు మోత ఊరి చివర వినపడి అట్లే పోయింది. ఎవరూ లేవలేదు. మా అన్న చెవులకు వినపడింది గానీ విననట్లే కూర్చున్నాడు.

పార్థసారథి రెండు గొట్టాలూ నీళ్లల్లో నుంచి తీసి మా అత్త కండ్ల ముందర పట్టినాడు. "ఇద్దరి చేతులూ ఒకటే అమ్మా. రెండూ మంచి చేతులే. ఆసుపత్రోళ్లకు నేను చెప్తాను" అన్నాడు.

మా అత్త కొంగు కింద నుంచి చెయ్యి తీసి, అదేదో ఇప్పుడే చూస్తాన్నట్లు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. లేచి పోయి సారెబుంగ తెచ్చింది. నడివాకిట్లో, వనజమ్మ చూస్తాండంగానే, షరీఫ్ చూస్తాండంగానే, దాన్ని తలకిందులు చేసింది. అడుగున ఉండే పాలు కారిపోయినాయి. తర్వాత ఒక పుల్ల లోపలికి పోనిచ్చి గీకింది. పాచిపట్టిన పసుపుపచ్చటి గడ్డ ముద్దగా పడింది. ఆ కంపుకు గుర్రం గూడా మూతి తిప్పుకునింది.

"ఇది పోసినానా నేను బాలింతలకు" అనింది. ఆ గొంతు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

నేను పక్కన కూర్చోని భుజం మీద చెయ్యేసినా. ఈసారి తీసేస్తాదేమో అని అనుకుంటానే వేసినా. తీయలేదు. ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకునింది. పట్టుకొని ఏడ్చింది. నలుగురి ముందర ఏడవనని చెప్పినా గదా, ఆ పొద్దు నేనూ ఏడ్చినా.

బుంగను కడిగి దొడ్డిగోడ మీద బోర్లించి వచ్చి, మా అత్త నా మూట ఎత్తి లోపల గదిలో పెట్టింది. మా అన్నను, "నాయనా, భోంచేసి పండుకో, పొద్దుటి బస్సుకు పోదువు" అనింది. అన్నీ చెప్పి, ఇంక లేచి పోతాన్న షరీఫ్‌ను వెనక్కి పిలిచింది.

"తెల్లారి బండి కట్టుకొని రా షరీఫూ. ఆసుపత్రికి పాలు తీసుకపోవాల. నా మోకాళ్లు ఎక్కలేవు, మా సుగుణ వస్తాది. పాలు ఆ పిల్ల చేత్తోనే పోయాల."